ఉభయకుశలోపరి

కొడుకు అమెరికాలో, ఇల్లు తాకట్టులో, ఫోనులో మాత్రం అంతా క్షేమమే!

తెనాలి: తెల్లవారుజామున 5 గంటలు. 2024 డిసెంబరు నాటి మాట. కృష్ణ కరకట్ట పక్కనున్న ఊళ్ళో అప్పుడప్పుడే దీపాలు వెలుగుతున్నాయి. కొట్టంలో గేదెకు తవుడు కలుపుతున్న రైతు చేతులు కడుక్కుని, తువ్వాలుకు తుడుచుకుని ఫోను అందుకున్నాడు. పొయ్యి మీద పాలు దించి భార్య కూడా వచ్చి పక్కన నిలబడింది. అటువైపు కొడుకు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఎం.ఎస్. చదువుతున్నాడు. అక్కడ ఇంకా ముందురోజు సాయంత్రం ఐదున్నర.

"తిన్నావా నాన్నా?"

"తిన్నానమ్మా."

"చలి బాగా ఉందా?"

"పర్లేదు. కోటు ఉందిగా. నాన్నకి ఒంట్లో ఎలా ఉంది?"

"ఆయనకేం, దుక్కలా ఉన్నారు."

"పసుపు ఎలా ఉంది నాన్నా?"

"బ్రహ్మాండంగా ఉందిరా. ఇక్కడి సంగతి నీకెందుకు, నువ్వు చదువు చూసుకో."

ఐదు నిమిషాల్లో ఫోను పెట్టేశారు. ఆ ఐదు నిమిషాల్లో చెప్పుకున్న మాటల్లో సగానికి పైగా నిజం కాదు. పసుపు చేను సెప్టెంబరు వరదలోనే పోయింది. అటు కొడుకు ఆ పూట తినలేదు. కాలేజీ గ్రంథాలయంలో చేస్తున్న చిన్న పని పోయి నెల దాటింది. ఒకరు బాధపడతారని ఇంకొకరు, ఇంకొకరు బాధపడతారని ఒకరు, ఉన్నది దాచుకున్నారు.

వెనకటి రోజుల్లో ఉత్తరం రాస్తే పైన "ఉభయకుశలోపరి" అని రాసేవారు. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాం, ఆపై రాసేదేమంటే అని దాని అర్థం. ఇప్పుడు ఉత్తరాలు లేవు. ఆ ఒక్కమాట మాత్రం ఫోనులోకి వచ్చి కూర్చుంది. ఆపై రాయవలసినదే ఎవరూ చెప్పడం లేదు.

అప్పుడు డాక్టర్లు, ఇప్పుడు వీధి వీధికీ

ఈ ప్రాంతం నుంచి అమెరికా వెళ్ళడం కొత్త కాదు. 1946లో గుంటూరు వైద్య కళాశాల పెట్టిన తర్వాత అక్కడ చదివిన డాక్టర్లు చాలామంది సముద్రాలు దాటారు. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చి ఆసియా దేశాల వారికి తలుపులు తెరవడంతో ఆ ప్రయాణాలు పెరిగాయి. అప్పట్లో వెళ్ళినవారు ఎక్కువమంది ఇక్కడ చదువు ముగించుకుని, ఉద్యోగానికో ఉపకార వేతనంతోనో వెళ్ళినవారే. నీలంరంగు ఏరోగ్రాం ఒకటి వస్తే ఊరంతా చదివించుకునేది. ట్రంకుకాల్ బుక్ చేసుకుని పూటంతా పోస్టాఫీసు అరుగు మీద కూర్చునేవారు.

ఇప్పుడు పరిస్థితి వేరు. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది చైనాను దాటి మన దేశం మొదటి స్థానంలోకి వచ్చింది. వారిలో తెలుగు పిల్లల పాలు పెద్దది. వీరిలో అధికభాగం ఉపకార వేతనం మీద వెళ్ళినవారు కారు, అప్పు మీద వెళ్ళినవారు. అంటే చదువు మొదలైన రోజునే వడ్డీ కూడా మొదలవుతుంది.

డాలరు ధర కూడా ఒకచోట నిలబడదు. 1980లో డాలరుకు సుమారు 8 రూపాయలు. 2010లో 46 రూపాయల చుట్టూ ఉంది. 2025 డిసెంబరులో 90 దాటింది. 20 వేల డాలర్ల ఫీజు, డాలరు 80 రూపాయలున్నప్పుడు 16 లక్షలు. 90 అయితే అదే ఫీజు 18 లక్షలు. కాలేజీ ఒక్క డాలరు పెంచకపోయినా తండ్రి మీద 2 లక్షలు పెరిగినట్టే.

పొలం వద్దన్న బ్యాంకు

ఈ రైతుకు రెండెకరాల పదిహేను సెంట్ల పొలం ఉంది. కొడుకు ఇంజనీరింగు పూర్తిచేసి అమెరికా వెళతానన్నప్పుడు మొత్తం 30 లక్షలు కావాలని లెక్క తేలింది. పాసుపుస్తకం పట్టుకుని ఆయన బ్యాంకుకు వెళ్ళాడు. పొలం మీద విద్యారుణం ఇవ్వలేమని, పట్నంలో ఇల్లో స్థలమో చూపించమని అక్కడ చెప్పారు.

ఇది ఒక్క బ్యాంకులో మాట కాదు. బాకీ తీరకపోతే కోర్టుకు వెళ్ళకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారాన్ని 2002 నాటి చట్టం బ్యాంకులకు ఇచ్చింది. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. రైతు భూమిని కాపాడాలన్నదే అందులోని ఉద్దేశం. కాని దాని ఫలితంగా పెద్ద విద్యారుణానికి పొలాన్ని హామీగా తీసుకోవడానికి చాలా బ్యాంకులు ముందుకు రావు. చట్టం కాపాడిన పొలాన్ని నమ్ముకున్న రైతు చివరికి ప్రైవేటు వడ్డీవ్యాపారి దగ్గరకే వెళ్ళవలసి వస్తున్నది.

ఇక్కడా అదే జరిగింది. తెనాలిలో ఉన్న మామగారి ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకు 20 లక్షలు ఇచ్చింది. మిగిలిన 10 లక్షలకు ప్రోనోటు రాశారు. నూటికి రెండు రూపాయల వడ్డీ. వినడానికి రెండు రూపాయలే. నెలకు 20 వేలు. ఏడాదికి 2 లక్షల 40 వేలు. రెండేళ్ళ చదువు పూర్తయ్యేసరికి వడ్డీయే 4 లక్షల 80 వేలు. అదే 10 లక్షలు బ్యాంకులో పదిశాతానికి దొరికితే ఏడాదికి లక్షతో సరిపోయేది. పైగా విద్యారుణానికి సాధారణంగా చదువుకాలం, ఆపైన ఒక ఏడాది వరకు వాయిదాలు అడగరు. ప్రోనోటుకు అటువంటి గడువు లేదు. వచ్చేనెల ఒకటో తారీకే గడువు.

2023 ఆగస్టులో కొడుకు విమానం ఎక్కాడు. సెప్టెంబరు ఒకటిన మొదటి వడ్డీ కట్టారు.

వారానికి 20 గంటలే

అమెరికా వెళ్ళిన పిల్లలు చదువుకుంటూనే సంపాదించి ఇంటికి పంపుతారని పల్లెల్లో గట్టి నమ్మకం. రచ్చబండ దగ్గర "ఏం బావా, మీవాడు ఎంత పంపాడు?" అన్న పలకరింపు మామూలైంది. ఎదురింటివాళ్ళ అబ్బాయి పంపుతున్నాడన్న మాట ఎవరో ఒకరు వేస్తారు. తండ్రి ఏమీ అనడు. ఆ రాత్రి ఫోనులో మాత్రం ఆ మాట ఎటు తిరిగైనా కొడుకు చెవిన పడుతుంది.

నిబంధన ఏమిటో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. విద్యార్థి వీసా మీద వెళ్ళినవారు చదువు సాగుతున్న రోజుల్లో కాలేజీ ఆవరణలోనే, వారానికి 20 గంటలకు మించకుండా పనిచేయవచ్చు. బయట పెట్రోలు బంకులో, హోటల్లో, దుకాణంలో అనుమతి లేకుండా పనిచేస్తే వీసాకే ముప్పు. కాలేజీలో పనులు తక్కువ, అడిగేవారు ఎక్కువ. దొరికినవారికి కూడా తిండికి, గది అద్దెలో కొంతకు సరిపోతే గొప్ప.

ఇంటి నుంచి "ఎంత పంపుతావు" అన్న ప్రశ్న పదిసార్లు వెళితే పిల్లవాడు చాటుగా బయట పనికి వెళ్ళే ప్రమాదం ఉంది. పట్టుబడితే చదువు, అప్పు, పరువు మూడూ ఒకేసారి పోతాయి.

కాళ్ళకు పట్టీలు కట్టిన రోజు

ఈ తొందరే దళారులకు పెట్టుబడి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మీద అక్కడి అధికారులు దాడి చేశారు. అందులో చేరిన వారిలో అత్యధికులు భారతీయులు. అందులోనూ ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్ళకు, ఎక్కడికి కదిలినా జాడ తెలిసేలా పరికరాలు కట్టారు. టీవీల్లో ఆ బొమ్మలు చూసి ఇక్కడి తల్లులు గుండెలు బాదుకున్నారు. ఆ సంస్థ నడిపిన మహిళకు 2014లో 16 ఏళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. ఆమె జైలుకు వెళ్ళినంత మాత్రాన పిల్లల డబ్బు తిరిగి రాలేదు.

ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ అటువంటిదే. మిచిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అని ఒకటి వెలిసింది. అక్కడ తరగతులు లేవు, పాఠం చెప్పేవారు లేరు. పేరు రాయించుకుంటే చాలు, బయట పనిచేసుకునే కాగితం వస్తుందని దళారులు చెప్పారు. నిజానికి అది అమెరికా అధికారులే వల పన్ని పెట్టిన బూటకపు సంస్థ. 2019 జనవరి నెలాఖరులో 130 మంది విద్యార్థులను అదుపులోకి తీసుకుంటే వారిలో 129 మంది భారతీయులు. తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. పిల్లలను చేర్పించిన ఎనిమిదిమంది దళారుల మీద కేసులు పెట్టారు.

ఆ పిల్లలలో తెలిసి వెళ్ళినవారు ఉండవచ్చు, తెలియక వెళ్ళినవారు ఉండవచ్చు. కాని వారి ఇళ్ళల్లో తల్లిదండ్రులకు ముందుగా తెలిసిన సందర్భాలు అరుదు. ఫోనులో అంతవరకూ అంతా క్షేమమే.

వరద వచ్చింది, కబురు వెళ్ళలేదు

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద నమోదైంది. బ్యారేజీ కట్టిన తర్వాత అంత నీరు ఎన్నడూ రాలేదు. దిగువన లంకల్లో అరటి, పసుపు, కంద నీళ్ళలో నిలిచాయి. వేసి మూడు నెలలైనా కాని పసుపుకు దుంపకుళ్ళు పట్టింది. విత్తనానికి, కౌలుకు పెట్టిన డబ్బు మట్టిలో కలిసింది. దుగ్గిరాల యార్డుకు బస్తాలు తోలవలసిన రైతు ఆ ఏడాది అటు వెళ్ళే పని లేకపోయింది.

కొడుకు వార్తల్లో వరద చూసి ఫోను చేశాడు. "మన చేలోకి రాలేదురా, పక్క లంకలోకి వచ్చింది" అని తండ్రి చెప్పాడు. ప్రోనోటు వడ్డీ కోసం పాడిగేదెల్లో ఒకదాన్ని అమ్మాడు. తల్లి చేతి గాజులు తెనాలి వెళ్ళాయి. ఇవేవీ కొడుక్కు తెలియవు.

కొడుకు కూడా తక్కువ తినలేదు. గది అద్దె తగ్గించుకోవడానికి నలుగురు ఉన్న గదిలో ఐదోవాడుగా చేరిన సంగతి చెప్పలేదు. జ్వరం వచ్చినప్పుడు ఆసుపత్రి ఖర్చుకు భయపడి, ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రలతోనే పడుకున్న సంగతి చెప్పలేదు. గుంటూరులో కాపురముంటున్న అక్కకు మాత్రం అప్పుడప్పుడు చెప్పేవాడు. అమ్మానాన్నలకు చెప్పవద్దని ఒట్టు వేయించుకునేవాడు.

90 రోజుల లెక్క

2025 మేలో చదువు పూర్తయింది. ఊళ్ళో స్వీట్లు పంచారు. ఇక జీతమే జీతమని అందరూ అనుకున్నారు.

చదువు ముగిసినవారు చదివిన రంగంలో ఏడాదిపాటు ఉద్యోగం చేసుకునే వీలుంది. ఇంజనీరింగు, కంప్యూటరు వంటి చదువులవారికి మరో రెండేళ్ళు పొడిగిస్తారు. అయితే మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. ఆ గడువు దాటితే అక్కడ ఉండే హక్కు పోతుంది. ఆపై దీర్ఘకాల ఉద్యోగ వీసాలు ఏటా 85 వేలే. అందులో 20 వేలు అక్కడ మాస్టర్స్ చదివినవారికి. అడిగేవారు అంతకు ఎన్నో రెట్లు. అందుకే ఆ వీసా ఎవరికి వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. 2025 సెప్టెంబరులో అమెరికా బయట ఉన్నవారి కోసం పెట్టే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు ఈ ఊళ్ళల్లో ఆ రాత్రి నిద్రపోని ఇళ్ళు చాలా ఉన్నాయి.

జూలైలో కొడుకు వీడియోలో కనిపించడం మానేశాడు. కెమెరా పాడైందన్నాడు. తల్లి నమ్మలేదు. కూతురికి ఫోను చేసి, "వాడు చిక్కిపోయాడా?" అని ఒకే ఒక్క మాట అడిగింది. కూతురు ఏడ్చింది. సంగతంతా బయటపడింది. ఉద్యోగం దొరకలేదు. 90 రోజుల్లో 50 గడిచిపోయాయి. వందలకొద్దీ దరఖాస్తులు పెట్టినా పిలుపు లేదు.

ఆ రాత్రి రైతు పడుకోలేదు. తెల్లవారి 5 గంటలకు ఆయనే ఫోను చేశాడు. కొడుకును ఏమీ అడగలేదు. ముందు తన సంగతి చెప్పాడు. పోయిన ఏడాది వరద మన చేలోకే వచ్చిందన్నాడు. గేదెను అమ్మామన్నాడు. అమ్మ గాజులు తాకట్టులో ఉన్నాయన్నాడు. బాగుందని చెప్పింది అబద్ధమన్నాడు. అటువైపు చాలాసేపు మాట లేదు. ఆ తర్వాత కొడుకు చెప్పడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఐదు నిమిషాలుండే ఫోను ఆ రోజు గంటంపావు నడిచింది.

చివర తండ్రి రెండు మాటలు చెప్పాడు. ఉద్యోగం దొరికితే ఉండు, దొరక్కపోతే వచ్చెయ్. టిక్కెట్టు డబ్బు పక్కన పెట్టాను, ఆ డబ్బు ముట్టుకోను.

ఆ నెలలోనే 40 సెంట్లు అమ్మి ప్రోనోటు బాకీ తీర్చేశారు. తాతల నాటి పొలం అమ్మడమేమిటని బంధువులు దెప్పారు. నెలకు 20 వేల వడ్డీ కడుతూ పొలం ఉంచుకుంటే నాలుగేళ్ళలో వడ్డీయే దాదాపు అసలంత అవుతుందని రైతు వారికి లెక్క చెప్పాడు. కొడుకుకు 79వ రోజున ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఊరు అనుకున్నంత జీతం కాదు. బ్యాంకు వాయిదాలు 2026లో మొదలయ్యేవి. ఉద్యోగ వీసా వస్తుందో రాదో తెలియదు. అయితే ఆ తెలియకపోవడం ఇప్పుడు ఇద్దరికీ తెలుసు.

పంపేముందు అడగవలసినవి

పిల్లలను పంపదలచిన తల్లిదండ్రులు దళారి మాట మీద ఆధారపడకుండా కొన్ని సంగతులు తామే చూసుకోవడం మంచిది. విదేశీ విద్యార్థులను చేర్చుకోవడానికి ప్రభుత్వ అనుమతి ఉన్న కాలేజీల జాబితాను అమెరికా ప్రభుత్వమే ఇంటర్నెట్టులో పెట్టింది. డబ్బు కట్టనవసరం లేదు, చదువుకున్న పిల్లలెవరైనా చూసి చెప్పగలరు. ఆ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన చదువు మంచిదని కాదు. అక్కడ చదివి వచ్చినవారిని ఇద్దరిని విచారించాలి. తరగతులకు వెళ్ళనక్కరలేదు, మొదటి రోజు నుంచే బయట పని చేసుకోవచ్చు అని ఎవరైనా చెబితే అక్కడితో ఆపేయాలి.

అప్పు విషయంలో ముందు బ్యాంకుల గడప తొక్కాలి. కేంద్రప్రభుత్వం 2015లో ప్రారంభించిన విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా ఒకే దరఖాస్తుతో పలు బ్యాంకులను అడగవచ్చు. ప్రోనోటు తప్పకపోతే, పంట ఒక ఏడాది పూర్తిగా పోయినా వడ్డీ కట్టగలమా అని లెక్క వేసుకుని రాయాలి.

పిల్లవాడికి ఆరోగ్య బీమా ఉందో లేదో, దానితో ఏ ఆసుపత్రికి వెళ్ళవచ్చో అడగాలి. గదిలో ఉండే స్నేహితులు ఇద్దరి ఫోను నంబర్లు, కాలేజీలో విదేశీ విద్యార్థుల కార్యాలయం నంబరు ఇంట్లో గోడమీద రాసి ఉంచుకోవాలి. ఆపద వస్తే ఎవరిని అడగాలో తెలియక తిరగనవసరం లేదు. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్రప్రభుత్వం పెట్టిన ఎ.పి. ఎన్.ఆర్.టి. సొసైటీ కార్యాలయం మన జిల్లాలోనే తాడేపల్లిలో ఉంది. విదేశాల్లోని భారత రాయబార కార్యాలయాలకు ఫిర్యాదు చేరవేయడానికి మదద్ అనే పోర్టల్ కూడా ఉంది.

వీటన్నిటికన్నా ముందు ఇంట్లో తేల్చుకోవలసింది ఒకటుంది. చదువు మధ్యలో ఆగినా, ఉద్యోగం దొరక్కపోయినా వెనక్కు రావచ్చునన్న మాట విమానం ఎక్కకముందే పిల్లల చెవిన పడాలి. ఆ మాట వినని పిల్లలు కష్టం వచ్చినప్పుడు ఇంటికి చెప్పరు.

మార్చి నెల రెండో ఆదివారం అమెరికాలో గడియారాలను గంట ముందుకు జరుపుతారు. అప్పటి నుంచి ఇక్కడ తెల్లవారి 5 అయితే అక్కడ ముందురోజు సాయంత్రం ఆరున్నర. ఆ వేళకు కొడుకు పని నుంచి వచ్చి వంట మొదలుపెడతాడు. తల్లి ఇప్పుడు "తిన్నావా?" అని అడగడం మానేసింది. ఆ ప్రశ్నకు తిన్నానని ఎవరైనా చెప్పగలరు. "ఏం వండావో చూపించు" అంటుంది. కొడుకు ఫోను గిన్నె మీదికి తిప్పుతాడు. పప్పు పలుచగా ఉందని ఆమె, ఈ దేశం కందిపప్పు ఇంతేనని అతడు, కాసేపు వాదించుకుంటారు. రైతు పక్కన కూర్చుని వింటూ, ఈసారి పసుపుకు ఎన్ని బస్తాలు వస్తాయో ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి తన వంతు కోసం చూస్తుంటాడు.